చేతి మీద చూపు

ఉత్తరాలు రెండు ఒకే రోజు వచ్చాయి. మొదటిది మా అమ్మాయి పైకి చదివింది. రెండోది లోపలే చదువుకుని మడిచి ఒళ్లో పెట్టుకుంది. నాది మూడో తరగతి చదువు. బస్సు మీద బోర్డు చదువుతాను, సంతకం పెడతాను. ఆఫీసు వాళ్లు రాసిన వాక్యం మొదలు పట్టుకుంటే చివర జారిపోతుంది.

"ఏమన్నారు?" అన్నాను.

"లేదన్నారు నాన్నా. అంగవైకల్యం పింఛను రాదట. ఈయన చేతులు నిక్షేపంలా ఉన్నాయట."

"ఏం రాశారో అదే చదువు."

"పట్టు సరిపడా ఉన్నది. వేళ్ల కదలిక సరిపడా ఉన్నది. స్పర్శ సరిపడా ఉన్నది. చేస్తున్న పనికి అర్హుడు."

మా అల్లుడు గోడవారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు తొడల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. ఆ మాటలు విని నవ్వాడు.

"బడిలో ఒక్కదాంట్లో కూడా పాసయిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడండి మామయ్యా, మూడింట్లో పాసు."

"నవ్వు. బాగా నవ్వు. రెండోది చదివితే ఇంకా నవ్వొస్తుంది," అంది మా అమ్మాయి.

రెండోది కార్ఖానా నుంచి. పింఛను ఆఫీసు వాళ్లు పనికి అర్హుడని తేల్చారు కనక పదహారో తేదీ సోమవారం ఉదయం నాలుగో చక్రం దగ్గర హాజరు కావాలి. రాకపోతే పేరు కొట్టేస్తారు. మేముండే ఇల్లు కార్ఖానాది. పేరు పోతే ఇల్లు పోతుంది.

నేను వేళ్లు మడిచి లెక్క చూశాను. పదమూడు రోజులు.

నాలుగో చక్రం నాకు తెలుసు. నేను దాని ముందు ముప్పై ఒక్క ఏళ్లు నిలబడ్డాను. మా కార్ఖానాలో నీళ్ల పంపులకు ఇనుప మూతలు పోత పోస్తారు. అచ్చులోంచి ఊడదీసిన మూతకు అంచంతా ముళ్లు ముళ్లుగా ఉంటుంది. దాన్ని సాన చక్రానికి ఆనించి నున్నగా చేయాలి. చక్రం ఎంత వేగంగా తిరుగుతుందంటే, తిరుగుతున్నట్టే కనపడదు. నిలబడి ఉన్నట్టు ఉంటుంది. దాని మోసమంతా అదే. మూతకూ చక్రానికీ మధ్య వేలెడు ఎడం కూడా ఉండదు. ఆ ఎడంలోనే మన వేళ్లుంటాయి.

మా అల్లుడు ఇరవై రెండేళ్ల వయసులో నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఒక్కటే నేర్పాను. చూపు చేతి మీదే ఉండాలి. ఎవరు పిలిచినా పలకకూడదు. మా షెడ్డులో ఎవరూ ఎవర్నీ వెనకనుంచి పిలవరు. చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, చక్రం ఆగేదాకా నిలబడతారు. మేస్త్రీ అయినా అంతే. ఒక రోజు కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు రెండో చక్రం మనిషిని పేరు పెట్టి పిలిచాడు. ఆ మనిషి "ఆ" అని తలెత్తాడు. నాలుగు వేళ్లు పోయాయి. వేళ్ల కోసం వెతికాం, ఇసకలో రెండే దొరికాయి.

అందుకని నేను అల్లుడికి పరీక్ష పెట్టేవాణ్ణి. వాడు పనిలో ఉండగా వెనక నిలబడి ఇనప ముక్కను నేల మీద పడేసేవాణ్ణి. ఖంగుమనేది. తలెత్తితే చక్రం ఆగాక వీపు మోగించేవాణ్ణి. ఆర్నెల్లు అలా చేశాను. ఆ తర్వాత ఏ ఇనుము ఎక్కడ మోగినా వాడి కళ్లు వాడి చేతుల మీదికే వెళ్లేవి. షెడ్డులో అందరూ డేగ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు వచ్చాకే పిల్లనిచ్చాను.

రెండేళ్ల కిందట వేళ్ల కొసలు మొద్దుబారుతున్నాయన్నాడు. చక్రం అదురుకు అందరికీ ఉండేదే అన్నాను. నాకూ ఉంది, వేళ్ల కొసల్లో. నేనన్న మాట విని ఊరుకున్నాడు. తర్వాత ఒక రోజు పొయ్యి దగ్గర నిలబడి మా అమ్మాయితో మాట్లాడుతున్నాడు. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. అమ్మాయి గిన్నెలోకి చూసింది, గుడ్డ చూసింది. కాలుతున్నది వాడి అరచెయ్యి. పొయ్యి అంచు మీద ఆనించి ఉంది.

అప్పటినుంచి ఇంట్లో కొత్త అలవాట్లు వచ్చాయి. వాడి చేతిలో ఏదైనా ఉంటే మేము మాట్లాడించం. చూస్తున్నంతసేపూ గ్లాసు చేతిలో ఉంటుంది. ఎటైనా చూశాడా, పడిపోతుంది. పడిందని కూడా చప్పుడు విన్నాకే తెలుస్తుంది.

పింఛను డాక్టరు దగ్గరికి నేను తోడు వెళ్లలేదు. ఏమేం చేయించారో చెప్పమని ఉత్తరాలు వచ్చిన రోజున అడిగాను.

"చొక్కా బొత్తాలు పెట్టమన్నాడు. పెట్టాను. గుండుసూది తియ్యమన్నాడు. తీశాను."

"తీశావా?"

"తీశాను మామయ్యా. చేతనవుతుందిగా. అబద్ధం ఎలా చెప్పను?"

"తర్వాత?"

"సూదితో గుచ్చుతూ తగిలిందా అని అడిగాడు. తగిలిందన్నాను."

"తగిలిందా?"

"గుచ్చుతుంటే కనపడుతోందిగా," అన్నాడు.

మా అమ్మాయి నుదురు కొట్టుకుంది. "దేవుడా, ఈయన్ని డేగ అన్నవాడి నోట్లో మన్ను పడ!"

నాకు అప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఆ సాయంత్రం పొద్దుగూకుతుండగా కరెంటు పోయింది. అమ్మాయి కొవ్వొత్తి కోసం లోపలికి వెళ్లింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం, ఏమీ కనపడటం లేదు. అల్లుడు చాలా మెల్లగా అడిగాడు.

"మామయ్యా, నా చేతిలో గ్లాసు ఉందా?"

నేను తడిమి చూశాను. ఉంది. వేళ్లు గ్లాసు చుట్టూ బిగుసుకుని చల్లగా ఉన్నాయి.

"ఉంది."

"మీరు పట్టుకోండి," అన్నాడు. "నాకు వదలడం ఎలాగో తెలియడం లేదు."

ఒక్కో వేలూ విడదీసి గ్లాసు తీసుకున్నాను. ఆ డాక్టరు మా వాడి చేతుల్ని పరీక్షించలేదని అప్పుడు తెలిసింది. కళ్లను పరీక్షించి వెళ్లాడు.

పింఛను ఆఫీసు బయట, గోడకు గొడుగు కట్టుకుని, దరఖాస్తులు రాసే ఆయన కూర్చుంటాడు. మర్నాడు అల్లుణ్ణి తీసుకుని అక్కడికి వెళ్లాను. ఆయన ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మూడు సరిపడాలు కొట్టారా! నాకు వాళ్లు ఒక్కటి కూడా ఇవ్వలేదు, కుర్చీ కూడా నాదే తెచ్చుకున్నాను. చెప్పండి తాతగారూ, ఏం రాయమంటారు?"

"చూడకుండా ఉంటే చేతులు లేవని రాయండి."

ఆయన కలం ఆపి మా వాడి వైపు చూశాడు. మా వాడు చేతుల్ని చూసుకుంటున్నాడు.

"అలా రాస్తే పిచ్చి అనుకుంటారు. 'కంటిచూపు సాయం లేకుండా చేతులకు స్పర్శ లేదు, కళ్లు మూయించి తిరిగి పరీక్షించ ప్రార్థన' అని రాస్తాను. పనిలో చేరాల్సిన తేదీ కూడా వేస్తాను. అప్పుడు ముందుగా పిలుస్తారు." రాశాడు. చివర్లో గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. అక్కడ సహకరించాలి. వాళ్లు చెప్పినట్టు చెయ్యకపోతే 'సహకరించలేదు' అని ఒక్క ముక్క రాస్తారు. ఆ ముక్క పడ్డాక మళ్లీ అప్పీలు ఉండదు."

పద్నాలుగో తేదీ శనివారం రమ్మని పిలుపు వచ్చింది. పనిలో చేరాల్సిన రోజుకు మధ్య ఒక్క ఆదివారం.

ఇంట్లో అభ్యాసం మొదలుపెట్టాం. కళ్లు మూసుకోమంటే మూసుకునేవాడు. బయట ఎక్కడో సైకిల్ గంట మోగితే చాలు, కళ్లు తెరుచుకుని చేతుల మీద వాలేవి. మా అమ్మాయి గిన్నె కింద పెట్టినా అంతే. గొళ్లెం కదిలినా అంతే.

"గట్టిగా మూసుకో," అనేవాణ్ణి.

"మూసుకునే ఉన్నాను మామయ్యా."

"తెరిచావు."

"తెరిచానా?"

తనకే తెలిసేది కాదు. తిట్టాను. అరిచాను. ఒక రోజు చెయ్యి కూడా ఎత్తాను. మా అమ్మాయి మధ్యలోకి వచ్చింది.

"కొట్టు నాన్నా. కొట్టి నేర్పావుగా, కొట్టి మరిపించు."

ఎత్తిన చెయ్యి దించేశాను.

శుక్రవారం నాడు కార్ఖానా మేస్త్రీ ఇంటికి వచ్చాడు. నాలుగో చక్రానికి కొత్త రాయి బిగించామన్నాడు. కొత్త రాయి ఎక్కువ కొరుకుతుంది. "డేగ ఉన్నాడు కనక పర్లేదు," అని నవ్వాడు. అల్లుడు కూడా నవ్వి, "వస్తాను మేస్త్రీగారూ," అన్నాడు. మా షెడ్డులో చేతకాదని ఎవడూ అనడు. అన్నవాణ్ణి నేను చూడలేదు. నేనూ అనలేదు.

శనివారం మేము వెళ్లిన గది పొడుగ్గా ఉంది. కిటికీలు ఎత్తులో ఉన్నాయి. అడ్డంగా ఒక బల్ల, బల్ల అవతల అప్పీళ్లు వినే అధికారి. ఆయన పక్కన ఒక డాక్టరమ్మ, యాభై ఏళ్లుంటాయి. మూలన టైపు చేసే గుమాస్తా. డాక్టరమ్మ ముందు ఒక స్టీలు పళ్లెం ఉంది. అందులో సూదులు, దూది, చిన్న సుత్తి. పళ్లెం మోగుతుందని చూడగానే తెలిసింది. మా అమ్మాయిని బయట కూర్చోమన్నారు. తోడు ఒక్కరే.

"మీరు తోడుకి వచ్చారు. మాట్లాడకూడదు," అన్నాడు అధికారి నాతో.

తలూపాను. అది నాకు కష్టం కాదు.

డాక్టరమ్మ మా వాడి చేతులు బల్ల మీద పెట్టించింది. తిప్పి చూసింది. అరచేతిలో కాలిన మచ్చ చూసింది. "కళ్లు మూసుకో బాబూ. నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పు," అంది.

మూసుకున్నాడు. ఆమె పళ్లెంలోంచి సూది తీసింది. సూది అంచుకు తగిలి చిన్నగా మోగింది.

కళ్లు తెరుచుకున్నాయి.

"మూసుకో."

మూసుకున్నాడు. మళ్లీ సూది. మళ్లీ చప్పుడు. మళ్లీ తెరిచాడు. మూడోసారి ఆమె సూదిని చేతిలోనే ఉంచుకుంది. కానీ గుమాస్తా టైపు యంత్రం పక్కకు నెట్టాడు, అది కిర్రుమంది. మా వాడి చూపు చేతుల మీద ఉంది. అప్పుడే ఆమె గుచ్చింది.

"తగిలింది," అన్నాడు.

డాక్టరమ్మ వెనక్కి ఆనుకుంది. అధికారి కళ్లజోడు తీశాడు.

"చూడు నాయనా. కళ్లు మూయించి పరీక్షించమని రాసింది మీరే. మూసుకోమంటే మూసుకోవు. దీన్ని మేమేమనుకోవాలి?"

"మూసుకునే ఉన్నానండి."

"మూసుకోలేదు."

"మూసుకున్నానండి," అని నా వైపు తిరగబోయి ఆగాడు. చేతులు బల్ల మీద ఉన్నాయి మరి. చూపు తియ్యలేదు.

"సహకరించడం లేదని రాయాల్సి ఉంటుంది," అన్నాడు అధికారి. గుమాస్తా యంత్రం మీద వేళ్లు పెట్టాడు.

నేను లేచాను.

"మీరు మాట్లాడకూడదని చెప్పాను."

"మాట్లాడను. ఒక పని చేస్తాను," అన్నాను. భుజం మీద తువ్వాలు తీశాను. "కళ్లకు గంత కట్టి చూడండి. వీడికి ఇనుము మోగితే కళ్లు తెరవడం నేర్పింది నేను. తప్పు నాది."

అధికారి డాక్టరమ్మ వైపు చూశాడు.

"కట్టుకుని తెలియడం లేదని ఎవరైనా అనొచ్చు," అంది ఆమె. "అయినా కట్టండి."

తువ్వాలు మడత పెట్టి కట్టాను. రెండు చుట్లు వేసి వెనక ముడి వేశాను. కట్టగానే మా వాడి తల చేతుల వైపు వంగింది. ఇరవై ఏళ్లుగా కాపలా ఉన్న చూపు అది.

"మామయ్యా, నా చేతులెక్కడున్నాయి?"

"బల్ల మీదే ఉన్నాయి."

"రెండూనా?"

"రెండూ."

"సరే," అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

డాక్టరమ్మ సూది తీసింది. కావాలనే పళ్లెం మీద మోగించింది. చూపుడు వేలి కొసన గుచ్చింది. మా వాడు కదల్లేదు. మధ్య వేలు. బొటనవేలు. అరచేయి. ఆమె చేతిని చూడటం మానేసి మా వాడి మొహాన్నే చూస్తోంది. కనుబొమ ముడిపడుతుందా, ఊపిరి ఆగుతుందా అని చూస్తోంది. ఏదీ లేదు. ఈసారి గట్టిగా గుచ్చి సూదిని అలాగే నిలబెట్టింది. అరచేతిలోంచి రక్తం చుక్కగా లేచింది, గీతలా మణికట్టు వైపు జారింది.

మా వాడు గొంతు సవరించుకున్నాడు. ఎదురుచూస్తున్న మనిషిలా మర్యాదగా అడిగాడు.

"ఎప్పుడు మొదలుపెడతారు డాక్టరుగారూ?"

గుమాస్తా లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు, మళ్లీ కూర్చున్నాడు. అధికారి రక్తం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"చాలమ్మా," అన్నాడు ఆమెతో. "నాకు చాలు."

ఆమెకు చాలలేదు. సూది తీసి మణికట్టు మీద గుచ్చింది. మా వాడు వింటున్నట్టు తల పక్కకు వంచి కూర్చున్నాడు. ఆమె ముంజేతి మీదికి వచ్చింది. బెత్తెడు పైకి. ఇంకో బెత్తెడు. ఆమె మొహంలో మొదట్లో ఉన్న అనుమానం పోయింది. దాని బదులు వచ్చినదాన్ని చూసి నేను బల్ల అంచు పట్టుకున్నాను. మోచేయి దాటింది. మోచేతికి నాలుగు వేళ్లు పైన గుచ్చితే "అబ్బ!" అని ఉలిక్కిపడ్డాడు. "మొదలుపెట్టారా?" అన్నాడు.

"ఆ," అంది ఆమె.

కలం తీసి అక్కడ చుట్టూ గీత గీసింది. ఎడమ చెయ్యి కూడా చూసింది. దాని గీత ఇంకా కొంచెం పైన పడింది.

"వేళ్లలో ఎప్పుడు మొదలైంది?" అని నన్ను అడిగింది. ఇప్పుడు నేను మాట్లాడొచ్చని ఎవరూ చెప్పలేదు కానీ ఎవరూ వద్దనలేదు.

"రెండేళ్లు."

"చక్రం అదురు వేళ్లను తింటుంది, అరచేతిని తింటుంది. ఇంత పైకి రాదు," అంది మెల్లగా. మా వాడికి వినపడకూడదన్నట్టు. వాడు గంతతో అలాగే కూర్చుని ఉన్నాడు, రెండు అడుగుల దూరంలో. ఆమె గీత దగ్గర వేలు పెట్టి భుజం దాకా చూసింది. భుజం నుంచి గుండె దాకా చూసింది. కొలిచినట్టు చూసి ఆపేసింది. ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టింది. "పెద్దాసుపత్రి. సోమవారం దాకా ఆగకండి. ఇప్పుడే వెళ్లండి. నేను ఫోను చేస్తాను."

అధికారి గుమాస్తాకు మాటలు చెబుతున్నాడు, యంత్రం టకటకలాడుతోంది. మొదటి తీర్పు కొట్టేశాం. పింఛను మంజూరు. యంత్రం దగ్గర పనికి తగడు, కార్ఖానా ఇతణ్ణి పిలవకూడదు, ఇల్లు తీసుకోకూడదు. ముద్ర వేశాడు. ఆ ముద్ర కోసం పదకొండు రోజులు నేను నిద్రపోలేదు. అది పడుతుంటే సరిగా చూడను కూడా లేదు.

డాక్టరమ్మ దూది ఇచ్చింది. తువ్వాలు విప్పకముందే మా వాడి చేతులు తుడిచాను. ఎన్ని చోట్ల గుచ్చిందో వాడు లెక్కపెట్టకూడదనుకున్నాను. తర్వాత ముడి విప్పాను.

మొదట చేతుల్నే చూసుకున్నాడు. ఉన్నాయని చూసుకుని అప్పుడు తలెత్తాడు.

"గెలిచామా మామయ్యా?"

"గెలిచాం."

గది బయట మా అమ్మాయి కాగితం లాక్కుని చదివింది. రెండుసార్లు చదివింది. గోడకు ఆనుకుని ఏడ్చింది, నవ్వింది. "సోమవారం పడుకో, ఎండెక్కేదాకా పడుకో. ఆ చక్రం మొహాన ఉమ్మేసి పడుకో," అంటూ మొగుడి చొక్కా సర్దింది. చీటీ సంగతి ఆమెతో అప్పుడే చెప్పలేదు. మెట్లు దిగేదాకా ఆ సంతోషం ఉండనిచ్చాను.

మెట్ల మీద అల్లుడు ఆగాడు. చొక్కా చెయ్యి పైకి జరిగి గీత కనపడింది.

"ఇదేంటి మామయ్యా?"

నాకు అబద్ధం చెప్పడం సరిగా రాదు. రెండేళ్ల కిందట అందరికీ ఉండేదే అని చెప్పాను, అదొక్కటీ చాలు.

"అక్కడిదాకా పోయింది," అన్నాను.

గీతను చూశాడు. ఆ గీత నుంచి భుజం దాకా చూశాడు, డాక్టరమ్మ చూసినట్టే. మా అమ్మాయి ముందు నడుస్తోంది, కాగితం ఎండకు పట్టుకుని మళ్లీ చదువుతోంది.

"ఇంకా చాలానే మిగిలింది కదా," అన్నాడు.

"మిగిలింది," అన్నాను. గేటు దగ్గర జవాను కనపడితే, పెద్దాసుపత్రికి దగ్గర దారి ఏదని అడిగాను.